ఆపాతో మాట: ఒక్క దోషంతో మొదలుపెడదాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ. నమాజు చేస్తున్నాం, రోజాలు ఉంటున్నాం, అయినా మనసు శుభ్రపడటం లేదని. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను ఆలిమాను (మతశాస్త్రం చదివిన పండితురాలిని) కాను. కర్నూలు జిల్లాలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆదివారం మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్లం కూర్చుని ఖురాన్ అర్థం చదువుకుంటాం. హలాల్ (ధర్మసమ్మతం), హరామ్ (నిషిద్ధం) తేల్చాల్సిన చోట, తీర్పు చెప్పే పండితుడైన ముఫ్తీ సాహెబ్ దగ్గరికే వెళ్లమంటాను. మిగతాది మీ అక్కగా చెబుతాను. పేర్ల పక్కన (స), (ర), (రహ్) అని ఉండేవి గౌరవంగా పలికే దీవెనలకు పొట్టి రూపాలు.

ప్రశ్న: అస్సలాము అలైకుమ్ ఆపా. నేను బట్టల షాపులో పనిచేస్తాను. రంజాన్‌లో తరావీహ్‌కు (ఆ నెల రాత్రుల్లో చేసే నమాజుకు) నిలబడితే కన్నీళ్లు ఆగేవి కావు. పండుగ వెళ్లిందో లేదో, ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) కూడా తప్పిపోతోంది. రాత్రి ఫోన్‌లో పనికిరాని వీడియోలు చూస్తూ నిద్రపోతున్నాను. నేను మునాఫిక్‌నేమో (కపట విశ్వాసినేమో) అని టెన్షన్‌గా ఉంది. (ఒక సోదరుడు, ఆదోని)

జవాబు: వ అలైకుముస్సలాం తమ్ముడూ. ఈ భయం నీకంటే ముందు ఒక సహాబీకి (ప్రవక్త సహచరుడికి) కలిగింది. హన్‌జలా (ర) దైవప్రవక్త (స) దగ్గర రాతపని చేసినవారు. ఒకరోజు ఆయన "హన్‌జలా మునాఫిక్ అయిపోయాడు" అంటూ వెళ్తుంటే అబూబక్ర్ (ర) ఎదురై, అదేం మాట అన్నారు. "ప్రవక్త దగ్గర కూర్చున్నంతసేపూ స్వర్గం, నరకం కళ్లారా చూస్తున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి భార్యాపిల్లల్లో, పనుల్లో పడ్డామంటే చాలా మరిచిపోతున్నాం" అన్నారు హన్‌జలా. అబూబక్ర్ (ర) అంతటి మనిషి, మా పరిస్థితీ అదే అన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. నా దగ్గర ఉన్నప్పుడు ఉండే స్థితిలోనే మీరు ఎప్పుడూ ఉండగలిగితే దైవదూతలు మీ పడకల మీద, మీ దారుల్లో మీతో చేతులు కలిపేవారు, కానీ హన్‌జలా, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా అని ఆయన మూడుసార్లు చెప్పారు. ఇది ఇమామ్ ముస్లిం కూర్చిన హదీసు (ప్రవక్త మాటల, పనుల) గ్రంథంలో ఉంది.

కాబట్టి కన్నీళ్లు ఆగినందుకు నువ్వు మునాఫిక్‌వి కావు. కపటానికి భయపడేవాడు విశ్వాసేనని, భయం లేకుండా ఉండేవాడే మునాఫిక్ అని హసన్ బస్రీ (రహ్) చెప్పేవారు.

కానీ తమ్ముడూ, ఈ హదీసును ఫజ్ర్ తప్పిపోవడానికి సాకుగా పెట్టుకోకు. హన్‌జలా చెప్పిన రెండో ఘడియ సంసారానిది, సంపాదనది. ఫర్జ్ (తప్పనిసరి) నమాజు వదిలేసి వీడియోలు చూసే ఘడియ కాదు. రంజాన్ మొత్తాన్ని షవ్వాల్‌లోకి (ఆ తర్వాతి నెలలోకి) మోసుకురావాలని చూస్తే నీవల్ల కాదు. అంత చేయలేక ఉన్నదీ వదిలేస్తావు. అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైన పని కొంచెమైనా విడవకుండా చేసేదేనని ప్రవక్త భార్య ఆయిషా (ర) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ప్రవక్త (స) ఒక యువ సహాబీతో, ఫలానా మనిషిలా రాత్రి నమాజు మొదలుపెట్టి తర్వాత మానేసేవాడివి కావద్దు అన్నారు.

నీ జబ్బు ఫజ్ర్‌లో లేదు, ఇషా (రాత్రి నమాజు) తర్వాత ఉంది. ఇషా అయ్యాక కబుర్లతో పొద్దుపుచ్చడం ప్రవక్త (స)కు ఇష్టముండేది కాదు. షాపు కట్టేసి ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోతుందని నాకు తెలుసు. అన్నం తిని, ఇషా చదివి, ఫోన్‌ను పడకకు దూరంగా వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టు. అలారం కోసం మామూలు గడియారం కొనుక్కో. ఈ ఒక్కటీ నిలబడేదాకా తహజ్జుద్ (అర్ధరాత్రి దాటాక లేచి చేసే నమాజు) గురించి ఆలోచించకు. ఫజ్ర్ కుదిరాక, ఆ తర్వాత ఖురాన్ ఒక పేజీ అర్థంతో చదువు.

ప్రశ్న: ఆపా, మాది ఉమ్మడి కుటుంబం. ఐదుపూటలా నమాజు చేస్తాను, తహజ్జుద్ కూడా అలవాటుంది. కానీ మధ్యాహ్నం తోడికోడళ్లం, పక్కింటివాళ్లం ఒకచోట చేరితే మాటలన్నీ ఎవరో ఒకరి మీదే. రాత్రి బాధపడతాను, మర్నాడు మళ్లీ అదే. ఇంకోటి. మా అత్తగారితో నేను పడే బాధ మా అమ్మకు చెప్పుకున్నా గీబతేనా? (ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు)

జవాబు: చెల్లెమ్మా, ఒకసారి ప్రవక్త (స) తన సహచరులను, దివాలా తీసినవాడంటే ఎవరో తెలుసా అని అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడు అన్నారు వాళ్లు. కాదు, నా సముదాయంలో దివాలా తీసినవాడు ప్రళయ దినాన నమాజులు, రోజాలు, జకాత్ తీసుకునే వస్తాడు, కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఇంకొకరిని కొట్టి ఉంటాడు అన్నారు. ఇతని పుణ్యాలు తీసి వాళ్లందరికీ పంచుతారట. పుణ్యాలు అయిపోయాక వాళ్ల పాపాలు తెచ్చి ఇతని మీద వేసి, నరకంలో పడేస్తారట. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసు మా ఆదివారం క్లాసులో చదివిన రోజు ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. తహజ్జుద్‌కు లేచే మనిషివి నువ్వు. అర్ధరాత్రి నిద్ర మానుకుని కూడబెట్టింది మధ్యాహ్నం ఎవరి ఖాతాకు పోతోందో చూసుకోవాలి.

గీబత్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పారు. నీ సోదరుడికి నచ్చని సంగతి అతను లేనప్పుడు చెప్పుకోవడం. నేను చెప్పేది నిజమే కదా అంటారా, నిజమైతేనే గీబత్, అబద్ధమైతే అది నింద. హుజురాత్ సూరా (49:12) దీన్ని చచ్చిపోయిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. నోటితోనే చేయనక్కర్లేదు. ఆయిషా (ర) ఒకసారి ప్రవక్త మరో భార్య సఫియ్యా (ర) పొట్టిగా ఉంటారని సూచించినప్పుడు, సముద్రంలో కలిపితే సముద్రాన్నే పాడుచేసే మాట అన్నావని ప్రవక్త (స) చెప్పారు. ఇప్పుడు మనం ఒకరి వాయిస్ మెసేజ్‌ను ఇంకో గ్రూపులో పెట్టి నవ్వుకునే ఇమోజీ జోడిస్తున్నాం. మాట అనలేదు కదా అని సర్దిచెప్పుకుంటున్నాం. స్క్రీన్‌షాట్ పంపినా లెక్క అదే.

ఇక మీ అత్తగారి సంగతి. ఇక్కడ నువ్వు జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే గీబత్ పేరు చెప్పి ఆడపిల్లల నోరు నొక్కేసిన ఇళ్లు నేను చూశాను. అన్యాయం జరుగుతుంటే, దాన్ని ఆపగలిగినవాళ్లకు చెప్పుకోవడం గీబత్ కాదు. హింద్ (ర) స్వయంగా ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, తన భర్త అబూ సుఫ్యాన్ పిసినారి అని, ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడని చెప్పారు. నీ మొగుడి గురించి అలా మాట్లాడకూడదని ఆయన అనలేదు. నీకూ నీ పిల్లలకూ సరిపడేంత న్యాయంగా తీసుకో అన్నారు. ఫాతిమా బిన్త్ ఖైస్ (ర) తనకు వచ్చిన సంబంధాల గురించి సలహా అడిగితే, ఒకరి దగ్గర డబ్బు లేదని, ఇంకొకరు భుజం మీది కర్ర దించరని ఉన్నదున్నట్టు చెప్పి, ఉసామా (ర)ను చేసుకోమన్నారు. చెయ్యి చేసుకునే మనిషి గురించి పెళ్లికి ముందు చెప్పడం ఆ పిల్లకు చేసే మేలే.

మీ అమ్మకు చెప్పేటప్పుడు ఈ ఒక్క సంగతి గమనించుకో. ఏదో ఒక దారి దొరుకుతుందని చెబుతున్నావా? చెప్పు. ఇంట్లో కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పు, మీ అమ్మకే కాదు, అవసరమైతే పెద్దమనుషులకూ పోలీసులకూ చెప్పు. అదేమీ లేకుండా, ఆవిడ పప్పులో ఉప్పెక్కువ వేసిన సంగతి రోజూ ఫోన్లో చెబుతున్నావంటే అది గీబతే.

మానడానికి నేను చెప్పే పద్ధతి ఇది. ఇవాళ నుంచి ఎవరి గురించీ మాట్లాడనని ఒట్టు పెట్టుకోకు, అది సాయంత్రం దాకా కూడా నిలవదు. మీ మాటల్లో అందరికంటే ఎక్కువసార్లు వచ్చే పేరు ఒకటి ఉంటుంది కదా. ఆ ఒక్క మనిషి గురించి మాట్లాడటం మానెయ్. ఆ పేరు రాగానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లు, పిల్లాడి పుస్తకం తియ్, ఏదో ఒకటి చెయ్. "ఆ మాట వదిలేద్దాం వదినా" అనగలిగితే ఇంకా మంచిది. నువ్వు మానితే పక్కనున్నవాళ్లూ కొంత తగ్గిస్తారు. ఆ ఒక్క పేరు నోటికి రాకుండా పోయాక రెండో పేరు చూద్దాం.

ఇప్పటిదాకా అన్నవాటికి తౌబా (పశ్చాత్తాపం) ఎలా అంటావేమో. ఆ మనిషి హక్కు కాబట్టి ఆమెను క్షమాపణ అడగాలని చాలామంది పండితుల మాట. చెబితే లేని గొడవ పుట్టి, ఆమె మనసు ఇంకా నొచ్చుకుంటుందనుకుంటే, ఆమె కోసం దువా (ప్రార్థన) చేసి, ఎక్కడ చెడ్డ చెప్పావో అక్కడే ఆమె మంచి చెప్పమన్న పండితులూ ఉన్నారు, ఇబ్న్ తైమియా (రహ్) వారిలో ఒకరు. ఆ రెండోది వినడానికి తేలిక. చేసి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది.

ప్రశ్న: ఆపా, నేను రాయచోటి దగ్గర పల్లెటూరివాణ్ణి. కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నాను. ఖాళీ దొరికితే జిక్ర్ (దైవస్మరణ), ఖురాన్ చదువుతాను. ఉమ్రా (మక్కా యాత్ర) చేసి, పాపాలన్నీ కడిగేసుకుని కొత్త మనిషిగా ఇంటికి రావాలని ఉంది. మనసు శుభ్రపడటానికి కాబా దగ్గర ఏ దువా ఎక్కువ చదవాలి? ఇంకో చిన్న సంగతి. మా నాన్న పోయాక పొలం నేనూ మా అన్నా రాయించుకున్నాం. చెల్లెళ్లిద్దరూ సంతకాలు పెట్టారు. వాళ్ల పెళ్లిళ్లు మేమే చేశాం కదా, ఇందులో తప్పుందా? (ఒక సోదరుడు, కువైట్)

జవాబు: బాబూ, నువ్వు చిన్న సంగతి అన్నదే నాకు పెద్దగా కనిపించింది. దువా సంగతి తర్వాత చెబుతాను. ముందు పొలం గురించి మాట్లాడదాం.

ఆస్తి తక్కువైనా ఎక్కువైనా మగవాళ్లకూ ఆడవాళ్లకూ అందులో భాగం ఉందని నిసా సూరా (4:7) చెబుతుంది. ఎవరికెంతో పదకొండు, పన్నెండో ఆయతుల్లో (వాక్యాల్లో) అల్లాహ్ స్వయంగా లెక్క కట్టి ఇచ్చాడు. నమాజుకు రకాతులెన్నో (ఎన్ని ఆవృత్తులో) కూడా ఖురాన్‌లో ఇంత వివరంగా లేదు, ఆస్తి వాటాల లెక్క ఉంది. ఆ లెక్కలు ముగిశాక, ఈ హద్దులు దాటినవాడికి నరకాగ్ని అని పద్నాలుగో ఆయతు. మనవాళ్లు ఖురాన్‌ను గుడ్డలో చుట్టి ఎత్తయిన చోట పెడతారు, ఈ ఆయతుల దగ్గరికొస్తే మాత్రం ఊరి ఆచారం అంటారు. నాకు దీనిమీద కోపం ఉంది, దాచుకోను.

మీ నాన్నకు ఆరెకరాలు ఉన్నాయనుకుందాం. ముందు ఆయన కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, అప్పులు తీరాలి. మీ అమ్మ మెహర్ (పెళ్లిలో భర్త ఇవ్వాల్సిన సొమ్ము) ఇవ్వకుండా ఉండిపోతే అదీ అప్పే. వసీయత్ (వీలునామా) ఉంటే మూడో వంతు లోపల అమలు చేయాలి. ఇవన్నీ పోగా ఆరెకరాలూ మిగిలాయనుకుంటే, మీ అమ్మకు ఎనిమిదో వంతు, అంటే 75 సెంట్లు. మిగిలిన ఐదుంబావు ఎకరాలు ఆరు భాగాలు చేసి, అన్నదమ్ములకు రెండేసి, అక్కచెల్లెళ్లకు ఒక్కొక్కటి. నీకు ఎకరా 75 సెంట్లు, మీ అన్నకు అంతే. చెల్లెళ్లకు ఒక్కొక్కరికి 87న్నర సెంట్లు. మీ తాత, నాయనమ్మ అప్పటికి బతికి ఉంటే ఈ లెక్క మారుతుంది, ముఫ్తీ సాహెబ్‌ను అడిగి వేయించుకో.

పెళ్లి ఖర్చు వాటా కిందికి రాదు. మీ పెళ్లిళ్లకూ ఖర్చయింది కదా, దాన్ని మీ వాటాలోంచి తగ్గించుకున్నారా? ఇక సంతకం. ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు మీ చెల్లెలి మనసులో ఏముందో ఆలోచించు. వద్దంటే పుట్టింటి గడప మూసుకుపోతుంది, రేపు ఏ కష్టమొచ్చినా అన్న పలకడు, పండక్కి పిలిచేవాళ్లుండరు. ఆ భయంతో పెట్టిన సంతకం రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెల్లుతుందేమో. ఒకరి నేల జానెడు అన్యాయంగా తీసుకున్నవాడి మెడకు ఏడు భూముల బరువు చుట్టబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చిన షహీద్‌కు అన్నీ క్షమిస్తారు, అప్పు తప్ప అని ముస్లింలో ఉంది. షహీద్‌కే లేని మినహాయింపు ఉమ్రా చేసినవాడికి ఎక్కడుంటుంది? ఒక ఉమ్రా నుంచి ఇంకో ఉమ్రా దాకా జరిగిన పాపాలకు అది పరిహారమన్న హదీసు నిజమే. తోబుట్టువు హక్కు అందులో కొట్టుకుపోదు. ఎవరికైనా అన్యాయం చేసినవాడు దీనార్లూ దిర్హమ్‌లూ పనికిరాని రోజు రాకముందే, ఇవాళే తేల్చుకోవాలని ప్రవక్త (స) హెచ్చరించారు.

ఏం చేయాలో చెబుతాను. ముందు మీ అన్నతో ఫోన్లో మాట్లాడు. ఆయన ఒప్పుకోకపోతే నీ దగ్గరికి అదనంగా వచ్చినదైనా నువ్వు వదులుకో, ఆయన కోసం ఆగకు. చెల్లెళ్ల వాటా వాళ్ల పేరున రాయించు. పొలం అమ్మేసి ఉంటే ఏ ధర కట్టాలో, ఇన్నేళ్ల పంట లెక్క ఎలాగో ముఫ్తీ సాహెబ్ చెబుతారు. ఒకేసారి ఇవ్వలేకపోతే, జీతంలోంచి నెలనెలా ఇస్తానని కాగితం రాసి ఇవ్వు. పట్టా వాళ్ల చేతిలో పడ్డాక, ఏ ఒత్తిడీ లేకుండా వాళ్లే సంతోషంగా తిరిగి ఇస్తే తీసుకోవచ్చు. వాళ్లు ఇవ్వాలని మాత్రం ఎదురుచూడకు.

దువా అడిగావు కదా. ఇది ప్రవక్త (స) చేసిన దువా, ముస్లింలో ఉంది: "అల్లాహుమ్మ ఆతి నఫ్సీ తఖ్వాహా, వ జక్కిహా అన్‌త ఖైరు మన్ జక్కాహా, అన్‌త వలియ్యుహా వ మౌలాహా." ఓ అల్లాహ్, నా ఆత్మకు దైవభీతి ప్రసాదించు, దాన్ని పరిశుద్ధం చెయ్యి, దాన్ని పరిశుద్ధం చేసేవారిలో నీకంటే మేలైనవాడు లేడు, దాని సంరక్షకుడివీ యజమానివీ నువ్వే అని భావం. కాబా దాకా ఎందుకు, మీ అన్నకు ఫోన్ చేసేముందు రూమ్‌లో కూర్చుని చదువుకో.

ప్రశ్న: ఆపాగారూ, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నాకు ఉర్దూ చదవడం రాదు, అరబీ అక్షరాలు కూడబలుక్కుంటాను. పీర్ సాహెబ్ (సూఫీ గురువు) దగ్గర బైఅత్ (శిష్యుడిగా ప్రమాణం) చేయకుండా ఆత్మశుద్ధి కుదరదని ఒక ఫ్రెండ్, అదంతా వద్దని ఇంకో ఫ్రెండ్ అంటున్నారు. తెలుగు మాత్రమే వచ్చినవాడికి దారి ఉందా? (ఒక సోదరుడు, హైదరాబాద్)

జవాబు: ఉంది బాబూ. ముందు భాష సంగతి చెబుతాను. ఇమామ్ గజాలీ (రహ్) 11వ శతాబ్దంలో బాగ్దాద్ నిజామియా మదరసాలో పెద్ద ఆచార్యులు. కీర్తి కోసం చెబుతున్నానేమోనని మనసు కలతపడి 1095లో ఆ పదవి వదిలి వెళ్లిపోయారు. ఆత్మశుద్ధి గురించి అరబీలో అంత పెద్ద గ్రంథం రాసిన మనిషి, అరబీ రాని తన ప్రాంతపు జనం కోసం మళ్లీ ఫార్సీలో వేరే పుస్తకం రాశారు. మన దక్కన్‌లో సూఫీ పెద్దలు జనానికి అర్థమయ్యే దక్కనీలో చెప్పారు. మరి తెలుగువాడు తెలుగులో నేర్చుకుంటే తప్పేముంది? నమాజులో చదివేది అరబీలోనే ఉండాలి. నమాజు అయ్యాక చేతులెత్తి తెలుగులో ఏడ్చినా అల్లాహ్ వింటాడు. మా నాన్నకు అలిఫ్ బే రావు, వినికిడితో నేర్చుకున్న సూరాలే. దూది ఏకే పని ముగించుకుని వచ్చి "యా అల్లాహ్, నా పిల్లలకు హరామ్ కూడు పెట్టించకు" అని తెలుగులోనే దువా చేసేవారు. మా ఇంట్లో అందరికీ ఆ దువా ఇప్పటికీ నోటికి వచ్చు.

ఒక పని చెయ్. ఫాతిహా సూరా అర్థం మాటమాటకూ తెలుగులో నేర్చుకో. ఐదు నమాజుల ఫర్జ్‌లలోనే రోజుకు 17 రకాతులు, ప్రతి రకాతులో అది ఉంటుంది. అర్థం తెలిసి నిలబడటం వేరుగా ఉంటుంది.

బైఅత్ గురించి. మన ప్రాంతంలో చిష్తీ, ఖాదిరీ, నఖ్ష్‌బందీ సిల్‌సిలాలు (సూఫీ గురుపరంపరలు) వందల ఏళ్లుగా ఉన్నాయి. గుల్బర్గాలో బందానవాజ్ (రహ్), కడప పెద్దదర్గా పేరు విననివాళ్లు లేరు. ఒక మంచి గురువు సాహచర్యం వల్ల నమాజు నిలబడినవాళ్లు, తాగుడు మానినవాళ్లు ఉన్నారు. అయినా బైఅత్ ఫర్జ్ కాదు, అది లేకుండా చనిపోయినవాడికి అల్లాహ్ దగ్గర లోటు లేదు. సత్యవంతులతో ఉండమని తౌబా సూరా (9:119) ఆజ్ఞ, ఆ సత్యవంతుడు ఎవరైనా కావచ్చు. ఎవరి దగ్గరికైనా వెళ్లాలనుకుంటే ముందు ఆయన నమాజు చూడు, డబ్బు దగ్గర ఆయన ఎలా ఉంటారో చూడు, ఇంట్లో భార్యతో ఎలా ఉంటారో వాకబు చెయ్. నీకు నమాజు అక్కర్లేదనే స్థాయి వస్తుందని చెప్పినా, ఆడవాళ్లను ఒంటరిగా రమ్మన్నా, ముడుపు అడిగినా అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్.

మన దోషాలు మనకు తెలిసే దారులు నాలుగని గజాలీయే చెప్పారు. ఒకటి తెలిసిన గురువు. రెండోది ముఖం మీదే నిజం చెప్పే స్నేహితుడు. మూడోది శత్రువు నోరు, ఎందుకంటే మనల్ని ప్రేమించేవాళ్లు దాచేది వాడు దాచడు. నాలుగోది, జనంలో తిరుగుతూ వాళ్లలో మనకు నచ్చనిది మనలో ఉందేమో వెతుక్కోవడం. గురువు దొరకని నీకు మిగతా మూడూ ఆఫీసులోనే ఉన్నాయి. నిన్ను గిట్టని సహోద్యోగి నీ గురించి ఏమంటాడో ఒక కాగితం మీద రాసుకో. అందులో కోపంతో అన్న మాటలు కొట్టేస్తే మిగిలేదాన్ని ముందు పట్టుకో. నా దోషాలు నాకు కానుకగా తెచ్చేవాడిని అల్లాహ్ కరుణించుగాక అన్నది ఉమర్ (ర) మాటగా పెద్దలు చెబుతారు. ఒక దోషం తేలిందా, దాంతోనే కొన్నాళ్లు పెనుగులాడు. దూది ఒక దెబ్బకు విడిపోదు. వింటితో మళ్లీ మళ్లీ ఏకితేనే అందులోని గింజనలుసూ దుమ్మూ రాలతాయి.

ప్రశ్న: ఆపా, నేను హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. రూమ్‌లో నమాజు చేస్తుంటే ఫ్రెండ్స్ మెచ్చుకుంటారు, నాకు లోపల సంతోషంగా ఉంటుంది. ఇది రియా (జనానికి చూపించుకోవడం) అని భయపడి సున్నతులు (ఫర్జ్ కాకుండా అదనంగా చేసే నమాజులు) మానేస్తున్నాను. (ఒక విద్యార్థిని, గుంటూరు)

జవాబు: మానకు తల్లీ. జనం కోసం పని మానడం రియా అని, జనం కోసం చేయడం షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) అని ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్) అన్నారు. నువ్వు మెప్పు కోసం మొదలుపెట్టలేదు, మెప్పు దానంతట అదే వచ్చింది. ఒక మనిషి మంచి పని చేస్తే జనం పొగుడుతారు, దాని సంగతేమిటని అబూజర్ (ర) అడిగితే, అది విశ్వాసికి ముందుగా అందే శుభవార్త అన్నారు ప్రవక్త (స).

ఎవరూ లేనప్పుడు నీ నమాజు ఎలా ఉంటుందో చూసుకో. రూమ్‌లో ఒక్కదానివే ఉన్నప్పుడు గబగబా ముగించి, తలుపు చప్పుడైతే సజ్దా (సాష్టాంగం) పొడవు పెంచుతున్నావంటే అప్పుడు భయపడు. అప్పుడైనా మానొద్దు, ఆ సజ్దాను సరిచేసుకో. ఎవరికీ తెలియని మంచి పని ఒకటి పెట్టుకో. మెస్‌లో గిన్నెలు కడిగే అక్క కూతురికి పుస్తకాలు కొనిపెట్టడం లాంటిది. దాన్ని స్టేటస్‌లో పెట్టకు, ఇంట్లో కూడా చెప్పకు.

ప్రశ్న: ఆపా, నెలసరి రోజుల్లో నమాజు ఉండదు. ఆ వారం మనసంతా ఖాళీగా అయిపోయి, మళ్లీ మొదలుపెట్టడానికి బద్ధకం వస్తోంది. ఆ రోజుల్లో ఏం చదవొచ్చు? (ఒక సోదరి, నెల్లూరు)

జవాబు: ఆ రోజుల్లో నమాజు చేయకపోవడం కూడా అల్లాహ్ ఆజ్ఞే అమ్మా, నువ్వు దానికి లోబడే ఉన్నావు. ఆయిషా (ర)కు హజ్ ప్రయాణంలో నెలసరి వచ్చి ఏడుస్తుంటే, ఇది ఆదం సంతతి స్త్రీలకు అల్లాహ్ రాసిపెట్టింది, తవాఫ్ (కాబా ప్రదక్షిణ) తప్ప హాజీలు చేసేవన్నీ చెయ్యి అని ప్రవక్త (స) ఓదార్చారు.

సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, ఇస్తిగ్‌ఫార్ (క్షమాపణ వేడుకోలు), దరూద్ (ప్రవక్త కోసం దీవెన), దువాలు అన్నీ చదవొచ్చు, అందులో భేదాభిప్రాయం లేదు. ఖురాన్ పారాయణం విషయంలో మాలికీ ధర్మశాస్త్ర సంప్రదాయపు పండితులు ఒప్పుకుంటారు, మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయంలో వద్దు. ఆయతుల్ కుర్సీ, రబ్బనా ఆతినా లాంటివి దువా ఉద్దేశంతో చదువుకోవడానికి హనఫీలోనూ అనుమతి ఉంది. తెలుగులో హదీసులు చదువు, పిల్లలకు ప్రవక్తల కథలు చెప్పు. బద్ధకం గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను, హనఫీ గ్రంథాల్లో ఒక మంచి పద్ధతి ఉంది. నమాజు వేళకు వుజూ చేసి (ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని), రోజూ నమాజు చేసే చోటే కూర్చుని, ఆ నమాజుకు పట్టేంతసేపు తస్బీహ్ (అల్లాహ్ స్తుతి) చదవమన్నారు, అలవాటు తప్పిపోకుండా. ఐదుపూటలా వీలుకాకపోతే మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) ఒక్కపూట పెట్టుకో. పిల్లలు కూడా పక్కన కూర్చుంటారు.